ఆలస్యంగా గూడు కట్టే గిజిగాడు — ఒక పరిశీలన
(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

పక్షులు గూళ్లు కట్టుకునే కాలం ఏది అని అడిగితే మనలో చాలామంది "వసంతం" అని చెప్తాం. అది పుస్తకాల్లో చదివిన జవాబు. పల్లెలో పుట్టినవాడు కొంచెం ఆలోచించి చెప్పాలి. రామచిలకలు చలి పూర్తిగా పోకముందే తొర్రలు వెతుక్కుంటాయి. కాకి ఎండాకాలంలో గూడు కడుతుంది. కోయిల కూడా ఆ రోజుల్లోనే ఊరంతా మోగేలా కూస్తుంది, ఎందుకంటే అది గుడ్డు పెట్టవలసింది కాకి గూట్లో. తొలకరి పడేనాటికి ఇలాంటి పక్షుల సంసారం చాలావరకు ఒక కొలిక్కి వస్తుంది. సరిగ్గా అప్పుడు పని మొదలుపెడుతుంది గిజిగాడు.

ఆలస్యంగా గూడు కట్టే పక్షిని గమనించడంలో ఒక లాభం ఉంది. అది ఎందుకు ఆలస్యం చేస్తోందని అడగటం మొదలుపెడితే, జవాబు కోసం వాన, గడ్డి, పురుగు, పైరు అన్నిటినీ చూడవలసి వస్తుంది. కిందటి సంవత్సరం నేను మా పొలం గట్టు మీద కూర్చుని నేర్చుకున్నది మిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఎందుకీ ఆలస్యం?

చాలా పక్షుల్లో పగటి పొడవు పెరిగేకొద్దీ ప్రత్యుత్పత్తి అవయవాలు ఎదుగుతాయి. 1920 దశకంలో కెనడాలో విలియం రోవన్ అనే శాస్త్రజ్ఞుడు శీతాకాలంలో జంకో పక్షులకు దీపాల వెలుతురుతో పగలు పొడిగించి ఈ సంగతి చూపించాడు. అయితే పగలు పొడుగవగానే గూడు కట్టేస్తే సరిపోదు. పిల్లలకు తిండి దొరకాలి. పిల్లలు తినే రోజులు, తిండి దండిగా ఉండే రోజులు ఒకటి కావాలన్నదే పక్షి క్యాలెండరు అని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ లాక్ (1910–1973) వివరించాడు.

అమెరికన్ గోల్డ్‌ఫించ్ అనే పిట్ట తన పిల్లలకు ఎక్కువగా విత్తనాలే పెడుతుంది. కనుక గడ్డి మొక్కలు, ముళ్లమొక్కలు గింజ పట్టేదాకా ఆగి జులై, ఆగస్టుల్లో గూడు కడుతుంది. మధ్యధరా సముద్రపు దీవుల్లో ఎలియోనోరా డేగ పిల్లల్ని పెంచేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. యూరప్ నుంచి ఆఫ్రికాకు వలస వెళ్లే చిన్న పిట్టలు ఆ దారినే గుంపులుగా పోతాయి. డేగకు అదే పంట.

మన గిజిగాడి లెక్క కూడా ఇటువంటిదే. పెద్ద పిట్టలు గింజలు తింటాయి కాని పిల్లలకు మాత్రం మిడతలు, గొంగళి పురుగులు తెచ్చిపెడతాయి. మెత్తని పురుగు లేకపోతే పిల్ల ఎదగదు. పైగా గూడు నేయడానికి పచ్చి నార కావాలి. ఎండిన గడ్డి విరుగుతుంది, మెలి తిరగదు. పచ్చగడ్డీ, వరిఆకూ, పురుగూ మూడూ ఒక్కసారి దొరికేది వానలు పడ్డాకనే.

గూటి కథ

గిజిగాడి గూడు సీసా ఆకారంలో తలకిందులుగా వేలాడుతుందని అందరికీ తెలుసు. జాషువా గారి పద్యాల పుణ్యమా అని బడిలో చదువుకున్నాం కూడా. కాని ఆ గూడు రెండు విడతలుగా తయారవుతుందని నేను డిగ్రీలో చేరేదాకా గమనించలేదు.

నేసేది మగపిట్ట. తాటాకు అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టి, దాన్ని పట్టుకుని వెనక్కి ఎగురుతుంది. జానెడు నుంచి మూరెడు పైదాకా పేలిక ఊడి వస్తుంది. ఇలా తెచ్చిన నారతో హెల్మెట్ ఆకారందాకా అల్లి, అక్కడ ఆపేస్తుంది. దానికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ అరుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపల కూర్చుని, నారను ముక్కుతో లాగి చూసుకుంటుంది. నచ్చితేనే మగపిట్ట గుడ్ల అర మూసి, కిందికి గొట్టం నేసి గూడు పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ గూడు అలాగే సగంలో ఉండిపోతుంది. మన ఊళ్లలో చెట్ల కింద రాలిపడి ఉండే సగం గూళ్లలో చాలావరకు ఇలా పెళ్లి కుదరనివే!

ఒక గూడు కుదిరాక మగపిట్ట ఊరుకోదు. పక్క ఆకుకు ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుంది. సలీం అలీ (1896–1987) 1930లో బొంబాయి దగ్గరి కిహిం గ్రామంలో ఈ పక్షుల కాలనీని ఓపికగా గమనించి ఈ బహుభార్యా వ్యవహారాన్ని వివరంగా వ్రాశారు. పొదగడం ఆడపిట్ట పని. పిల్లల్ని మేపడం కూడా ఎక్కువగా దాని పనే.

గూడు లోపల గోడకు తడిమట్టి ముద్దలు అంటిస్తాయి. వాటికి మిణుగురులను గుచ్చి దీపం పెట్టుకుంటాయని మా నాయనమ్మ చెప్పేది. రాలిపడిన గూళ్లు నేను చాలా విప్పి చూశాను. మట్టి ఉంది, మిణుగురు ఎక్కడా కనిపించలేదు.

మూడు తాటిచెట్లు

మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లెటూరు. మా చేలో పంటకాలువ గట్టున మూడు తాటిచెట్లు ఉండేవి. కిందటి ఏడు కాలువ నీళ్లు ఆలస్యంగా వచ్చి ఊడ్పులు ఆగస్టులోకి జరిగాయి. దసరా సెలవులకు ఇంటికి వెళ్లేసరికి రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, చెట్లకు ఇంకా పచ్చి గూళ్లున్నాయి. రెండు, నాన్న ఆ మూడు చెట్లనూ ఇటుకబట్టీ వాళ్లకు అమ్మి అడ్వాన్సు తీసుకున్నాడు. అక్టోబరు 20న కొట్టుకుపోతారు. ఎందుకమ్మావని నేను అడగలేదు. నా హాస్టలు మెస్సు బకాయి కట్టడానికే ఆ బేరమని నాకు తెలుసు.

చెట్టు ఎక్కి గూట్లో చెయ్యి పెట్టకుండా లోపల గుడ్లున్నాయో, పిల్లలున్నాయో చెప్పవచ్చా? చెప్పవచ్చు. పరిశీలన అంటే ఇదే. నేను మా మాష్టారి దగ్గర అరువు తెచ్చిన బైనాక్యులర్‌తో ముప్ఫై అడుగుల దూరంలో గట్టు చాటున కూర్చున్నాను. ప్రతి గూటికీ ఒక నెంబరు ఇచ్చి, పొద్దున గంట, సాయంత్రం గంట, పిట్ట వచ్చిన వేళ, పోయిన వేళ, ముక్కులో ఏముందీ నోటుబుక్కులో వ్రాశాను.

ముక్కులో నార ఉంటే ఆ గూడు ఇంకా కడుతున్నట్టు. ఆడపిట్ట లోపలికి పోయి చాలాసేపు బయటికి రాకపోతే పొదుగుతున్నట్టు. మాటిమాటికీ పురుగుతో వచ్చి వెంటనే తిరిగిపోతుంటే పిల్లలు ఉన్నట్టు. ఒక చిక్కు మాత్రం ఉంది. సీజన్ చివరికి వచ్చేసరికి మగపిట్ట తలమీది పసుపు రంగు పోయి ఆడపిట్టలాగే మట్టిరంగుకు తిరుగుతుంది. కనుక రంగు చూసి ఆడా మగా అని వ్రాసేయడం పొరపాటు. మొదటి రెండు రోజులు నేను అలాగే తప్పు వ్రాసి కొట్టేశాను.

అక్టోబరు 5, 6 తేదీల్లో 3, 5 నెంబరు గూళ్లలో పిట్టలు పొదుగుతూనే ఉన్నాయి. 7వ తేదీ పొద్దున రెండూ పచ్చమిడతలతో వచ్చాయి. అంటే పిల్లలు అప్పుడే బయటికి వచ్చాయన్నమాట. ఈ జాతిలో గుడ్డు పొదగడానికి 14, 15 రోజులు, పిల్ల ఎగరడానికి ఆ తరువాత సుమారు 17 రోజులు. ఏడుకు పదిహేడు కలిపితే 24. చెట్లు కొట్టేది 20న!

మూడో చెట్టుకున్న 9వ గూటికి ఇంకా గొట్టమే నేస్తున్నారు. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలు ఎగిరేసరికి నవంబరు నడిమికి వస్తుంది.

నాన్నతో ఈ లెక్క చెప్పడానికి ఒక రోజంతా వెనకాడాను. రైతుకు గిజిగాడు చుట్టం కాదు. చేను పాలుపోసుకునే వేళకు ఈ పిట్టలే గుంపులుగా వచ్చి కంకుల మీద వాలతాయి. చిన్నప్పుడు డబ్బా కొట్టి వీటిని తోలినవాణ్ణి నేనే. ఆడుకోవడానికి గూళ్లు తెంపినవాణ్ణి కూడా నేనే.

చివరికి నోటుబుక్కు చూపించాను. నాన్న చాలాసేపు తిరగేశాడు.

"ఇన్నిసార్లు పురుగులు తెస్తోందా?"

"నేను చూసిన గంటలో వ్రాసినవి అవి."

"ఈ పురుగులు మన చేలోవేనా?"

"గట్టు దాటి మన చేలోకే దిగుతున్నాయి నాన్నా. అన్నీ మన చేలోవే అని చెప్పలేను."

"పిట్టల లెక్క చూసుకుని చెట్లు అమ్ముకుంటామంట్రా!" అన్నాడు. కాని మర్నాడు పొద్దునే ఫోను చేసి, చేలో తడి ఆరలేదు, లారీ దిగబడుద్ది, నెలాఖరుకు రమ్మని చెప్పాడు. ఆ మాట అబద్ధం కాదు, చేలో తడి నిజంగానే ఉంది. మూడో చెట్టు సంగతి నేను అడగకముందే, "అది కోతలయ్యాక చూద్దాం" అన్నాడు. దానికి తగ్గట్టు డబ్బు తగ్గించుకున్నాడని తరువాత అమ్మ చెప్పింది.

సెలవులు అయిపోయి నేను హాస్టలుకు వచ్చేశాను. నోటుబుక్కు తొమ్మిదో తరగతి చదివే మా చెల్లి చేతికి వెళ్లింది. నాకంటె దాని రాత శుభ్రంగా ఉంది. 23వ తేదీ సాయంత్రం 5వ గూటి దగ్గర, 25వ తేదీ పొద్దున 3వ గూటి దగ్గర పిల్లలు గొట్టంలోంచి తలలు పెట్టి ఎగిరి పక్క ఆకు మీద వాలినట్టు వ్రాసింది. లెక్క ఒక్క రోజు తేడాతో సరిపోయింది. 30న రెండు చెట్లూ కొట్టేశారు.

తొమ్మిదో గూడు

ఈ గూళ్లు ఎక్కువగా చెట్టుకు తూర్పు వైపున వేలాడతాయి. నైరుతి గాలి చెట్టు మొదలుకు, ఆకులకు తగిలి, అటువైపు గూటికి కాస్త చాటు దొరుకుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. జూన్ నుంచి సెప్టెంబరుదాకా ఆ ఏర్పాటు బాగానే ఉంటుంది. కాని మన తీరంలో అక్టోబరు దాటితే గాలి తిరుగుతుంది. వాయుగుండాలు తూర్పు నుంచి వస్తాయి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన సంగతి మా ప్రాంతంలో ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు. అంటే ముందు వచ్చిన పిట్టకు చాటుగా ఉన్న వైపే వెనకబడిన పిట్టకు గాలికి ఎదురు అవుతుంది. ఈ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, గట్టు మీద నిలబడి అనుకున్నది. తప్పయితే పెద్దలు దిద్దాలి.

నవంబరు మొదటి వారంలో రెండు రోజులు వాన పట్టి తూర్పు గాలి కొట్టింది. ఆదివారం నేను ఇంటికి వెళ్లేసరికి తొమ్మిదో గూడు వసారాలో చూరుకు వేలాడుతోంది. గట్టు కింద పడి ఉంటే నాన్నే తీసుకొచ్చాడట. లోపల రెండు పిల్లలు ఉన్నాయట, ఈకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయట. వాటిని చెట్టు మొదట్లోనే పూడ్చాడు.

"నీ లెక్క తప్పిందా?" అని అడిగాడు.

"లెక్క తప్పలేదు నాన్నా. గాలి వచ్చింది."

"మన చేను కూడా అంతే. ముందు ఊడ్చినోళ్ల కంకి గట్టిపడింది. మనది పూత మీద తడిసింది" అన్నాడు.

ఆలస్యం అనే మాటకు అర్థం నాకు ఆ రోజు తెలిసింది. గిజిగాడు వానల్లో గూడు కట్టడం ఆలస్యం కాదు, అది దాని అసలు అదను. తిండి ఉన్నప్పుడే అది పని మొదలుపెడుతుంది. కాని ఆ అదనులో కూడా వెనకబడినవి ఉంటాయి. మొదటి గూడు గాలికి పోయినవీ, కాకి పాలయినవీ, ఎన్నిసార్లు కట్టినా ఆడపిట్ట మెచ్చనివీ చివరిదాకా ప్రయత్నిస్తాయి. కొన్నిటికి కలిసివస్తుంది, కొన్నిటికి రాదు. పుస్తకంలో "సంతానోత్పత్తి కాలం: జూన్ – సెప్టెంబరు" అని ఉన్న ఒక్క గీత వెనక ఇదంతా ఉంది.

చూడదలచినవారికి

మిత్రులారా! దీనికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ఊరి చివర తాడో, ఈతో, తుమ్మో, బావి మీదికి వంగిన ఏదో ఒక చెట్టు చాలు. పిట్ట మీ వైపు చూసి అరుస్తూ గూట్లోకి పోవడం మానితే మీరు మరీ దగ్గరికి వెళ్లారని అర్థం, వెంటనే వెనక్కి జరగండి. పచ్చి గూడు ముట్టుకోవద్దు. చూసింది చూసినట్టు ఆ క్షణంలోనే వ్రాయండి, ఊహించింది పక్కన వేరే వ్రాయండి. ఏమీ జరగని గంటను కూడా వ్రాయండి, "రాలేదు" అన్నది కూడా సమాచారమే. పిట్టలు వెళ్లిపోయాక ఆ చెట్టును మరిచిపోవద్దు. చలికాలంలో పాత గూళ్లలో తెల్లగొంతు మునియా పిట్టలు కాపురం పెడతాయి. ఒకరు వదిలిన ఇల్లు ఇంకొకరికి పనికివస్తుంది.

మా మూడో చెట్టు ఇప్పటికి ఉంది. కోతలయ్యాక దాని మాట నాన్న ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మెస్సు బకాయిలో కొంత మిగిలింది, వేసవి సెలవుల్లో ట్యూషన్లు చెప్పి కట్టాను. ఈ తొలకరికి పిట్టలు ఆ ఒక్క చెట్టుకు వస్తాయో రావో తెలియదు. కొత్త నోటుబుక్కు మాత్రం చెల్లి ముందే కొనిపెట్టుకుంది. మొదటి పేజీలో గీతలు కొట్టి, గూటి నెంబరు దగ్గర "10" అని వ్రాసి ఉంచింది.