మిషను అరిగితే జీతం కోస్తామంటే?

ఇబ్రిలో ఇళ్ల గార్డెన్లలో, ఖర్జూరం తోటల్లో పనిచేసే మన వాళ్లకు ఈ మాట కొత్త కాదు. గడ్డి కోసే బ్రష్ కట్టర్ నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. "నువ్వే పాడు చేశావ్, జీతంలో పట్టుకుంటా" అంటాడు మేస్త్రీ. మీరు గట్టిగా జవాబు చెప్పాలంటే, అది రిపేరుతో పోయేదా, మిషను పనే అయిపోయిందా అన్నది మీకు తెలిసుండాలి.

ముందు చిన్నవి చూడండి. ఇక్కడి దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. స్పార్క్ ప్లగ్ నల్లబడుతుంది. ఆయిల్ కలిపి నెలల తరబడి ఉంచిన పెట్రోల్ కార్బురేటర్‌ను జిగురు పట్టిస్తుంది. ఇవన్నీ కొద్ది ఖర్చుతో బాగయ్యేవే.

ఇక ఇంజను సంగతి. స్టార్టర్ తాడు మెల్లగా లాగండి. చేతికి బరువు తగలకుండా వచ్చేస్తే కంప్రెషన్ పోయినట్టే. మెకానిక్‌తో సైలెన్సర్ విప్పించి చూస్తే పిస్టన్ మీద లోతైన గీతలు కనబడతాయి. వయసైపోయిన మిషనూ ఇలా అవుతుంది, ఆయిల్ తక్కువ కలిపిన మిషనూ ఇలా అవుతుంది. గొడవ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. చాలా టూ-స్ట్రోక్ మిషన్లకు లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల ఆయిల్ సరిపోతుంది, కొన్ని పాతవాటికి 40 కావాలి. మిషను మీదో, దాని పుస్తకంలోనో చూసుకుని కలపండి. ఆయిల్ ఎవరు ఇచ్చారు, ఎవరు కలిపారు అన్నది రాసి పెట్టుకోండి.

ఖర్చు లెక్క సులువు. కొత్తది 100 రియాల్స్ అనుకుందాం, రిపేరుకే 60 అడిగితే ఆ డబ్బు దండగ. కొనాలా వద్దా అన్నది యజమాని ఇష్టం, ఖర్చూ ఆయనదే. కానీ గార్డ్ లేని మిషను, స్విచ్ ఆపినా ఆగని మిషను, పగిలిన బ్లేడు, వీటికి ఈ లెక్క వర్తించదు. బాగుచేసేదాకా వాడకూడదు. పగిలిన బ్లేడుకు వెల్డింగ్ అసలే వద్దు. వణుకు ఆపే రబ్బర్లు పోతే రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. నడుస్తోంది కదా అని ఊరుకోకండి.

2023లో వచ్చిన ఒమన్ కార్మిక చట్టం (రాయల్ డిక్రీ 53/2023) ప్రకారం, మిషను నష్టాన్ని మీ మీద వేయాలంటే తప్పు మీదని తేలాలి. వాడకంతో అరగడం మీ తప్పు కాదు. ఇంటిపని వీసా మీద ఉన్న అక్కలకు, అన్నలకు ఈ చట్టం వర్తించదు, వాళ్లకు వేరే నిబంధనలున్నాయి. ఎవరైనా సరే, చదవలేని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఒప్పుకోకుండా కోత పెడితే కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయండి, మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయానికీ చెప్పండి.

రెండుచోట్లా అడిగేది రుజువే. మిషను తేడాగా నడిచిన రోజే ఫోటో తీసి, వాట్సాప్‌లో సూపర్‌వైజర్‌కో మేడమ్‌కో వాయిస్ పంపండి. తెలుగు వాళ్లకు రాకపోతే వచ్చిన హిందీలోనే చెప్పండి. ఆ మెసేజ్ చెరపొద్దు. సెలవు మీద ఊరికి వెళ్లేటప్పుడు మిషను అప్పగిస్తూ ఇంకో ఫోటో తీసుకోండి, తీసుకున్న మనిషి కూడా అందులో కనబడేలా.