క్రిమినాలజీ చదివే పిల్లకు నాలుగు మాటలు

క్రిమినాలజీ డిగ్రీలో చేరానన్నావు తల్లీ. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా చేసి రిటైరైనవాణ్ని. అడగకపోయినా చెబుతాను.

1. సెక్షన్ల అంకెలు మారతాయి, అడగాల్సిన ప్రశ్న మారదు.
302 అంటే హత్య, 420 అంటే మోసం. మా తరానికి కంఠస్థం, సినిమావాళ్లకైతే డైలాగులు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో హత్యకు శిక్ష 103, మోసం 318. అంకెల్నే నమ్ముకున్నవాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. చంపే ఉద్దేశం ఉందా, చావుకు ఆ దెబ్బే కారణమా అని అడగడం వచ్చినవాళ్లకు పుస్తకం మారిందంతే.

2. స్టేషన్లో రాసిన కాగితమే కోర్టులో కేసు.
సాక్ష్యాధార చట్టం క్లాసులో నిద్ర వస్తుంది, నాకూ వచ్చేది. పోలీసుల ముందు ముద్దాయి ఒప్పుకున్నా కోర్టులో అది చెల్లదు. ఆ మాట వల్ల వస్తువేదైనా దొరికితే, దానికి సంబంధించినంత వరకే లెక్కలోకి వస్తుంది. కాబట్టి కత్తి ఎక్కడ దొరికింది, జప్తుకు సాక్షులుగా సంతకం పెట్టే మధ్యవర్తులు నిజంగా అక్కడున్నారా అన్నవే అసలు ప్రశ్నలు. ఒక హత్య కేసులో మధ్యవర్తి క్రాస్‌లో "స్టేషన్లోనే సంతకం పెట్టానండీ" అనేశాడు. అదే మనిషి అదే స్టేషన్ వాళ్ల వేరే కేసుల్లోనూ మధ్యవర్తే. ఛార్జిషీటు చేతికొచ్చిన రోజే నేను పట్టుకోవాల్సిన సంగతి అది. కేసు కొట్టేశారు. ఆ ముద్దాయి చంపాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఇప్పుడు సోదాలు, జప్తులు వీడియో తీయాలంటున్నారు, మంచిదే. ఆ వీడియోనైనా ఎవరో ఒకరు ఓపిగ్గా చూడాలి కదా.

3. జైలు చూడకుండా పట్టా పుచ్చుకోకు.
మన జైళ్లలో నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా శిక్ష పడనివాళ్లే. బెయిలొచ్చినా జామీనుకు మనిషి దొరక్క ఉండిపోయేవాళ్లున్నారు. బీహార్ విచారణ ఖైదీల గురించి హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట 1979లోనే చెప్పింది. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 479 ప్రకారం, మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే విడుదలకు అర్హుడు, వేరే కేసులు పెండింగులో లేకపోతే. దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంట్. రోజులు లెక్కగట్టి ఆయనకు గుర్తుచేసే మనిషి కావాలి. నా సర్వీసులో నేను ముద్దాయిని బోనులో తప్ప ఎక్కడా చూడలేదు.

4. ఈ పట్టా ఒక్కటీ నల్లకోటు తొడగదు.
వకీలు కావాలంటే ఆపైన మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదవాలి. ఎస్సై పరీక్షకు ఏ డిగ్రీ అయినా ఒకటే. ఫోరెన్సిక్ ల్యాబులు సైన్సు అడుగుతాయి. ఏ దారో రెండో ఏడాదిలోగా తేల్చుకో. సెలవుల్లో మేజిస్ట్రేటు కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుని క్రాస్‌లు విను, టిక్కెట్టు ఎవరూ అడగరు.