గిలక లేని పింజర

డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు వాకింగ్‌కి వెళ్లినప్పుడు దారిలో కనిపించిన పాము వీడియో పంపాడు. నేరేడుచర్లలో మా తాతకు చూపించా. రెండుసార్లు చూసి, "ఇది మన పింజరే కదరా, తోకకు ఆ గిలక ఎవరు కట్టిన్రు?" అన్నాడు.

నవ్వాను కానీ, వెతికి చూస్తే తాత చెప్పింది చాలావరకు కరెక్టే. గిలకపాము (రాటిల్ స్నేక్), మన రక్తపింజర ఒకే కుటుంబం. రెండూ గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. కాకపోతే గిలకపాములు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. అన్నిట్లోకి పెద్దది ఈస్టర్న్ డైమండ్‌బ్యాక్. ఫ్లోరిడా, జార్జియా, కరోలినా తీరాల వైపు పైన్ అడవుల్లో, తాబేళ్లు తవ్విన బొరియల్లో ఉంటుంది. మామూలుగా 4, 5 అడుగులే గానీ 8 అడుగుల దాకా పెరగగలదు. మన హాస్టల్ రూమ్ తలుపు కన్నా పొడుగు! మా అన్న చూసింది దాని తర్వాతి సైజుది, వెస్టర్న్ డైమండ్‌బ్యాక్. టెక్సాస్, అరిజోనా, మెక్సికోలో ఉంటుంది.

గిలక అంటే మన గోళ్లలాంటి పదార్థంతో చేసిన ఖాళీ డొప్పల వరుస. కుబుసం విడిచినప్పుడల్లా ఒక డొప్ప పెరుగుతుంది, పాతవి విరిగిపోతుంటాయి. అందుకే వాటిని లెక్కపెట్టి వయసు చెప్పలేం. "దగ్గరికి రాకు" అని చెప్పడానికే ఆ చప్పుడు.

మన పింజరకు గిలక లేదు. కుక్కర్ విజిల్‌లా బుస కొడుతుంది, అదీ మనం చాలా దగ్గరికి పోయాక. సాగర్ ఎడమ కాలువ కింద అంతా వరే. వడ్లకు ఎలుకలు, ఎలుకలకు పాములు. రాత్రిపూట మడవ తిప్పడానికి ఒట్టి కాళ్లతో పోయే మనిషి ఆ బుస వినేలోపే అడుగు పడిపోతుంది.

మా పక్క పొలం బాబాయ్‌కి అట్లే అయింది. ముందు పసరు మందుకని వేరే ఊరు తీసుకెళ్లారు. ఆసుపత్రికి చేరేసరికి నాలుగు గంటలు దాటింది. పింజర విషం రక్తం గడ్డకట్టనివ్వదు, కిడ్నీల్ని కొడుతుంది. బతికాడు, కానీ మూడు వారాలు డయాలసిస్.

అమెరికాలో ఏడాదికి 7, 8 వేల మందిని విషపాములు కరుస్తాయి, చనిపోయేది ఐదుగురి దాకా. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షలని ఒక పెద్ద అధ్యయనం అంచనా. వాళ్ల పాము మన పాము కన్నా పెద్దదే. తేడా పాములో కాదు, కాళ్లకున్న చెప్పుల్లో, ఆసుపత్రి దూరంలో ఉంది.

ఇంకోటి, కరిచిన పామును చంపి సంచిలో వేసుకుని పోనక్కర్లేదు. మన దగ్గర ఇచ్చే ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ కలిపి చేసిందే. కట్లు గట్టిగా బిగించొద్దు, కోయొద్దు, కాలు కదలకుండా పెట్టి బండెక్కించడమే.

పోయిన సెలవుల్లో తాతకు గమ్‌బూట్లు కొన్నా. మొదటి రోజే ఒకటి బురదలో ఇరుక్కుందట, తీసి కొట్టంలో పడేశాడు. లైటు, కర్ర మాత్రం పట్టుకుపోతున్నాడు, కర్రతో ఒడ్డు మీద టకటక కొట్టుకుంటూ. "గిలక నేనే కట్టుకున్నరా" అంటాడు.