ఒకే మాట పలికిన ఇద్దరు అక్కచెల్లెండ్రు

చదువవలసిన భాగములు: లూకా 10:38–42, యోహాను 11:17–44

రాయపూరు పట్టణములో నివసించు తెలుగువాడు ఒక్క దినములోనే మూడు భాషలు మాట్లాడును. ఇంటిలో తెలుగు, పనిచేయు చోట హిందీ, కూరగాయల బజారులో వచ్చినంత మట్టుకు ఛత్తీస్‌గఢీ. విజయనగరము నుండి పార్వతీపురము, రాయగడ, మహాసముంద్ మీదుగా వచ్చు రైలు మార్గమున ఇక్కడికి చేరి, రైల్వేలోను వాగన్ రిపేరు షాపులోను పనికి కుదిరి, స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు కలవు. కూరగాయలమ్ము స్త్రీతో శ్రీకాకుళపు తెలుగులో బేరమాడి, ఆమెకు అర్థము కాలేదని కోపగించుకొను అవివేకి వారిలో ఎవడును ఉండడు. ఎదుటివాని భాష ఏదో చూచుకొని నోరు తెరచుట వారికి అలవాటైపోయినది. అయితే ఆ మనుష్యుడే సాయంకాలము ఇల్లు చేరి భార్యతోను, కుమారునితోను, తోబుట్టువుతోను మాట్లాడునప్పుడు ఈ జాగ్రత్తను గుమ్మము వెలుపలనే విడిచిపెట్టును. అందరును తెలుగువారే గదా, మాటకు అర్థమొక్కటే గదా అని తలంచును. స్వభావమునకు కూడ ఒక భాష కలదని అతనికి తోచదు.

మనుష్యుల స్వభావములు వేరువేరను మాట పాతదే. దేహములోని నాలుగు ద్రవముల హెచ్చుతగ్గులను బట్టి మనుష్యుని గుణమేర్పడునని గ్రీకు వైద్యులు తలంచిరి. ఆ తలంపునుండి ఉల్లాసి, కోపి, విచారి, నిదాని అను నాలుగు పేర్లు పుట్టినవి. మన దేశపు ఆయుర్వేదము వాత, పిత్త, కఫ ప్రకృతులను చెప్పినది. ద్రవముల సిద్ధాంతమును వైద్యశాస్త్రము ఏనాడో త్రోసివేసినను పేర్లు నిలిచినవి. నార్వే దేశపు వేదాంత పండితుడు ఓలె హాలెస్బీ ఆ నాలుగింటిని గూర్చి విశ్వాసుల నిమిత్తమొక గ్రంథమే వ్రాసెను. స్విట్జర్లాండు వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో ప్రచురించిన గ్రంథములో బహిర్ముఖులు, అంతర్ముఖులు అను విభజన చేసెను. తరువాత అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్ దానిని విస్తరింపజేసి పదునారు తరగతుల ప్రశ్నావళిని తయారుచేసిరి. నేడును అనేక కార్యాలయములలో దానిని వాడుచున్నారు.

ఈ విషయమున ఒక హెచ్చరిక అవసరము. అదే ప్రశ్నావళికి కొన్ని వారముల తరువాత మరల జవాబులు వ్రాసిన వారిలో అనేకులు వేరొక తరగతిలో పడుచున్నారు. కాబట్టి నేటి మనోవిజ్ఞానులలో ఎక్కువమంది మనుష్యులను పెట్టెలలో సర్దుటకు మారుగా, ఒక్కొక్క గుణము ఒక్కొక్కరిలో ఎంత పాలున్నదో కొలుచుచున్నారు. ఎత్తు పొడవుల వలెనే ఇదియు. పొట్టివారు, పొడుగువారు అని రెండే జాతులు లేవు. “వాడు అట్టివాడే” అని చెప్పి చేతులు దులుపుకొనువాడు స్వభావములను గూర్చి ఎన్ని గ్రంథములు చదివినను పొరుగువానిని ఎరుగలేదు.

ఇప్పుడు బేతనియ గృహమును చూడుడి. లాజరు మరణించి నాలుగు దినములైనది. ప్రభువు వచ్చుచున్నాడని వినగానే మార్త లేచి ఎదురువెళ్లెను. మరియ ఇంటిలోనే కూర్చుండెను. సమయములు వేరైనను ఇద్దరును ఆయనతో పలికిన మొదటి మాట ఒక్కటే: ఆయన అక్కడ ఉండినయెడల తమ సహోదరుడు చావకుండునని. మాట ఒక్కటే గాని జవాబు ఒక్కటి కాదు. మార్తతో ఆయన సంభాషించెను; పునరుత్థానమును గూర్చి బోధించి, నమ్ముచున్నావా అని ప్రశ్న వేసెను. ఆమెయు నిలువబడి జవాబు చెప్పెను. పాదములమీద పడి ఏడ్చుచున్న మరియకు ఆయన ఏ బోధయు చేయలేదు. కలవరపడి, అతని నెక్కడ నుంచిరని అడిగి, కన్నీళ్లు విడిచెను. మార్తకు చెప్పిన బోధ మరియకు చెప్పినయెడల అది ఆమె చెవిలో పడెడిదా? మరియతో కార్చిన కన్నీరు మాత్రమే మార్తకు ఇచ్చినయెడల, ఆలోచించి అర్థము చేసికొనగోరు ఆ మనస్సు తృప్తినొందెడిదా? మార్త అనగానే వంటపనిలో తొందరపడిన స్త్రీ యని ప్రసంగములలో తేలికగా తీసివేయుట న్యాయము కాదు. ఆ దినమున ఆమె చేసిన ఒప్పుకోలు పేతురు ఒప్పుకోలునకు ఏమాత్రమును తీసిపోదు.

రాయపూరులోని ఒక రైల్వే క్వార్టరులో తల్లి మరణించినదనుకొనుడి. పెద్ద కుమార్తె విజయనగరపు బంధువులకు ఫోను చేయును, వచ్చినవారికి చాపలు పరచును, టీ కాచును, ఆదరణ కూడికకు దైవజనునితో మాట్లాడును. చిన్నది తల్లి చీర ఒడిలో పెట్టుకొని మూల గదిలో కూర్చుండును. మూడవనాటికి పెద్దదాని మనస్సులో, “చెల్లెలు పని తప్పించుకొనుచున్నది” అను మాట మెదలును. చిన్నదాని మనస్సులో, “అప్పకు కంట నీరే రాలేదు” అను మాట మెదలును. ఈ రెండు మాటలును పైకి రావు. వచ్చినయెడల కొంత మేలు. రాక, లోపల గడ్డకట్టి, తల్లి నగల పంపకము నాటికి వేరొక రూపమున బయటపడును. అనేక గృహములలో పది సంవత్సరముల మౌనమునకు మొదలు ఇట్టి మూడవ దినమే.

వారి తండ్రి స్వభావముల నెరిగినవాడైతే ఇద్దరికిని ఒకే ఉపదేశము చేయడు. పెద్దదానితో, “పని కొంతసేపు పిన్నికి అప్పగించుము తల్లీ, నీవును తల్లిని పోగొట్టుకొన్నావు” అనును; ఏలయనగా ఆమె దుఃఖము చేతులలోనికి దిగియున్నది. చిన్నదానిని అందరి యెదుటికి రమ్మని పిలువక, తానే వెళ్లి ప్రక్కన కూర్చుండును. ఏమి తోచుచున్నదని ఆ రాత్రియే అడుగక రెండు దినములు ఆగును. అంతర్ముఖులు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పరు. వారికి జవాబు లోపల సిద్ధము కావలెను. బహిర్ముఖులకు మాటలాడుచుండగానే ఆలోచన తేటపడును. కనుక వారి మొదటి మాటనే కడపటి మాటగా పట్టుకొనరాదు. సంఘ పెద్దల కూటములలో తగవులు పుట్టుటకు ఈ ఒక్క భేదమును ఎరుగకపోవుటే తరచు కారణము. ఒకడు ఆలోచించుచు పైకి పలికినదానిని రెండవవాడు తీర్మానమని తలంచును. రెండవవాని మౌనమును మొదటివాడు సమ్మతియని వ్రాసికొనును.

తండ్రి ఎంత ఎరిగినవాడైనను ఆ ఇద్దరి మధ్య మాట కలియవలసినది వారి నోటనే. బేతనియలో అదియు జరిగినది. లూకా వ్రాసిన సంఘటనలో మార్త, అతిథి యెదుటనే చెల్లెలిమీద ఫిర్యాదు చేసెను. చెల్లెలు తనను ఒంటరిగా విడిచినదని చెప్పుటకు ఆమె సంకోచింపలేదు. యోహాను వ్రాసిన దుఃఖదినమున ఇల్లు ఓదార్చువారితో నిండియున్నది. మార్త తిరిగి వచ్చి, ఎవరును వినకుండ, బోధకుడు వచ్చి నిన్ను పిలుచుచున్నాడని మరియతో రహస్యముగా చెప్పెను. మరియ త్వరగా లేచెను.