వానలు వెలిశాక ఒంటికి నూనె: ఎప్పుడు, ఎవరికి?

వానలు తగ్గి చలి ఇంకా ముదరని ఈ రోజుల్లో మా ఓ.పి.లో తరచుగా వినపడే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, ఒళ్ళంతా దురద, నూనె రాసుకోమంటారా?" దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పలేం. ఏ నెలలో, ఎటువంటి చర్మానికి అన్నది ముందు చూడాలి.

ఆయుర్వేదం కూడా ఈ తేడా చెప్పింది. ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. వానాకాలంలో ఒంట్లో పోగైన పిత్తం, మబ్బులు విడిచి ఎండ కాయగానే ప్రకోపిస్తుందని చరక సంహిత సూత్రస్థానం 6వ అధ్యాయంలో ఉంది. అందుకే ఈ ఋతువులో ఎండ, నూనె, కొవ్వు, పెరుగు, పగటి నిద్ర మానమన్నారు. ఒంటికి నూనె మర్దనా, నలుగూ చెప్పింది ఆ తర్వాత వచ్చే హేమంతానికి, అంటే మార్గశిర, పుష్య మాసాలకు. పిత్తం, వాతం నేను చదివిన నర్సింగులో లేవు గానీ, మా ఓ.పి. చూస్తే ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. అక్టోబర్ ఉక్కలో సెగ్గడ్డలు, చెమటకాయలు, తామర. నవంబర్ చివరి నుంచి పొడిబారిన కాళ్ళు, పగిలిన మడమలు.

కాబట్టి ఉక్క తగ్గేవరకు చర్మాన్ని శుభ్రంగా, పొడిగా ఉంచడమే ముఖ్యం. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, కాలి వేళ్ళ సందులు తుడిచి ఆరనివ్వాలి. తామర మీద నూనె పూయవద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే తామర ఆయింట్‌మెంట్లలో చాలావాటిలో స్టీరాయిడ్ కలిసి ఉంటుంది. నాలుగు రోజులు ఎరుపు, దురద తగ్గినట్టే ఉండి తర్వాత తామర మరింత పాకుతుంది. రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ళ సందుల్లో పొక్కులు వచ్చి, ఇంట్లో ఇద్దరు ముగ్గురు గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. డాక్టరుగారికి చూపించి, ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు రాసుకోవాలి. దానికి వేపాకు నీళ్ళ స్నానం ఒక్కటే చాలదు.

తిండి విషయంలో వాగ్భటుడు శరత్తుకు చెప్పిన వాటిలో బియ్యం, పెసలు, ఉసిరి, తేనె ఉన్నాయి. పెసరకట్టు, ఉసిరి పచ్చడి మన ఇళ్ళలో ఉన్నవే. షుగరు ఉన్నవారు తేనె మాట మరిచిపోండి.

చలి మొదలై చర్మం తెల్లగా పొట్టు లేస్తుంటే అప్పుడు నూనె మంచిదే. నువ్వుల నూనె వేడి చేస్తుందని, వాతానికి మంచిదని, కొబ్బరినూనె చలువ అని ఆయుర్వేదం అంటుంది. చర్మం మంట పుట్టేవారికి, పసిపిల్లలకు కొబ్బరినూనె మేలు. స్నానానికి అరగంట ముందు పలుచగా రాసి, సబ్బు బదులు మెత్తగా జల్లించిన పెసరపిండితో రుద్దుకోవచ్చు. నీళ్ళు గోరువెచ్చగానే ఉండాలి. పొగలు కక్కే నీళ్ళు చర్మంలో ఉన్న కాస్త జిడ్డునూ లాగేస్తాయి. ఒళ్ళు తుడుచుకున్న వెంటనే తడి పూర్తిగా ఆరకముందే మరో రెండు చుక్కలు రాస్తే పొడిదనం అంతగా రాదు. పసిబిడ్డల ముక్కుల్లో, చెవుల్లో మాత్రం నూనె చుక్కలు వేయకండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. అమ్మమ్మలు నన్ను కోప్పడినా ఈ మాట చెప్పక తప్పదు.

ఇక షుగరు వ్యాధి ఉన్నవారి పాదాలు. ఒక చలికాలంలో అరవై దాటిన ఒక తల్లి మా వార్డులో చేరింది. మడమలు పగిలాయని ఆముదం రాసుకుని, ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెట్టుకుందట. పాదాలకు స్పర్శ లేదు గనుక కాలుతున్న సంగతే ఆమెకు తెలియలేదు. మర్నాడు కోడలు దుప్పటి మీద తడి చూసి కనిపెట్టింది. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది, ఒక వేలు తీసేశారు. అందుచేత షుగరు ఉన్నవారు కాపడం, నిప్పుల కుంపటి, వేడినీళ్ళ సీసా పాదాల దగ్గరకు రానివ్వవద్దు. నీటి వేడి పాదంతో కాదు, మోచేతితో చూడండి, లేదా ఇంట్లో వారితో చూపించండి. మడమలకు నూనె గానీ వాసలిన్ గానీ రాయండి, వేళ్ళ సందుల్లో రాయవద్దు, అక్కడ తడి నిలిచి పాచిపోతుంది. పగుళ్ళను బ్లేడుతో చెక్కవద్దు. రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోండి, కంటిచూపు ఆనకపోతే మనవణ్ణో మనవరాలినో చూడమనండి. ఎరుపు, వాపు, రసి కనిపిస్తే ఆ రోజే రండి.

నూనె స్నానం రోజున పెద్దవారికి బాత్రూములో ఒక స్టూలు వేసి, గచ్చు మీద జిడ్డు కడిగేయండి. జారిపడి తొంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచం పట్టాల్సి వస్తుంది.

మరొక్క సంగతి. చర్మం పొడిబారిందనుకుని ఏళ్ళ తరబడి నూనె రాసుకునే మచ్చలు కొన్ని ఉంటాయి. రంగు తగ్గి, వెంట్రుకలు రాలి, చెమట పట్టక, గిల్లినా తెలియని మచ్చ అయితే అది కుష్ఠు కావచ్చు. కళ్ళు మూసుకుని దూదిపింజతో తాకించి చూసుకోండి. స్పర్శ తెలియకపోతే సిగ్గుపడి దాచవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితంగా ఇస్తారు, రకాన్ని బట్టి 6 నెలలు లేదా 12 నెలలు వాడాలి. మచ్చ తగ్గినట్టు కనిపించినా మధ్యలో ఆపకూడదు.