ట్రాలీలో మోటార్‌సైకిల్ రవాణా: హక్కులు, గడువులు, కాగితాలు

ఈ జవాబుల్లో ‘రవాణాదారు’ అంటే కిరాయికి, అడిగిన వారందరి సరుకునూ మోటారు వాహనంలో చేరవేసే వ్యక్తి లేదా సంస్థ. బుకింగ్ ఏజెంటు, బ్రోకరు కూడా ఇందులోకే వస్తారు. ‘వివరపత్రం’ అంటే పంపేవారు సరుకు వివరాలు, విలువ రాసి ఇచ్చే పత్రం. ‘సరుకు రసీదు’ అంటే రవాణాదారు ఇచ్చే రసీదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో దీన్నే ఎల్‌ఆర్ అంటారు.

1. స్నేహితుడి పికప్‌లో తీసుకెళ్లినా ఇవే నిబంధనలా?

కాదు. 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న 2007 నాటి రోడ్డు రవాణా చట్టం రవాణాదారుకే వర్తిస్తుంది. స్నేహితుడు ఉచితంగా తీసుకెళ్తే 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువు విషయంలో తీసుకునేంత జాగ్రత్త అతను తీసుకుంటే చాలు.

2. బుకింగ్ రోజున ఏం చేయాలి?

వివరపత్రంలో రిజిస్ట్రేషన్, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, బండి విలువ ఉండాలి. విలువ తగ్గించి రాస్తే పరిహారమూ అక్కడే ఆగుతుంది. తప్పుడు వివరాల వల్ల రవాణాదారుకు నష్టం వస్తే అది మీరే భరించాలి. సరుకు రసీదు అసలు ప్రతి మీకే ఇవ్వాలి. విజిటింగ్ కార్డు వెనుక రాసిచ్చిన చీటీ, వాట్సాప్‌లో వచ్చిన ‘ఓకే సర్’ దానికి బదులు కావు. బండికి నాలుగు వైపులా, ఓడోమీటరుకు ఫొటోలు తీయండి. ఆర్‌సీ నకలు ఇస్తే సరిపోతుంది. అసలు ఆర్‌సీ డ్రైవరు చేతిలో పెట్టవద్దన్నది నా సలహా.

3. బండి పాడైతే పూర్తి విలువ వస్తుందా?

రాకపోవచ్చు. 2011 నాటి నియమాల ప్రకారం రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లకు పరిమితం. అది కూడా వివరపత్రంలో రాసిన విలువను మించకూడదు. కిరాయి 4,000 రూపాయలు, రాసిన విలువ 1,20,000 రూపాయలు అనుకుందాం. బండి నుజ్జయినా పరిమితి 40,000 రూపాయలే.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. ఒకటి, అదనపు రిస్కు రేటు చెల్లించి ఎక్కువ బాధ్యతకు ఒప్పందం చేసుకోవడం. అలాంటి రేటు వసూలు చేయాలంటే రవాణాదారు దాన్ని తన కార్యాలయంలో ఇంగ్లిషులోనూ, ఆ రాష్ట్ర భాషలోనూ ప్రదర్శించి ఉండాలి. ఒప్పుకున్న మొత్తం సరుకు రసీదులో రాయించుకోండి. రెండు, నష్టం రవాణాదారు లేదా అతని సిబ్బంది నేరపూరిత చర్య వల్ల జరగడం. అప్పుడు వివరపత్రం మేరకు బాధ్యత ఉంటుంది.

ప్రకృతి విపత్తు, యుద్ధం, అల్లర్లు, చట్టప్రకారం జప్తు వంటి కారణాలు చూపి రవాణాదారు తప్పించుకోవచ్చు. తగిన జాగ్రత్తతో ఆ నష్టాన్ని నివారించే వీలుండి ఉంటే మాత్రం ఆ రక్షణ దక్కదు.

4. నష్టం కనిపిస్తే ఎంత గడువులో ఏం చేయాలి?

ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. కోర్టుకు వెళ్లే ముందు రవాణాదారుకు రాతపూర్వక నోటీసు అందాలి. గడువు 180 రోజులు, అదీ బండి చేరిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి. ‘ఇదిగో చేస్తాం, అదిగో చేస్తాం’ అన్న ఫోన్ మాటలకు గడువు ఆగదు.

డెలివరీ తీసుకునేటప్పుడు సంతకానికి ముందే బండి చూడండి. తాళ్లు బిగించి కట్టిన బండికి ముందు ఫోర్కుల సీళ్లు పోయి ఆయిల్ కారడం, క్లచ్ లివరు వంగడం, ఇండికేటరు విరగడం మామూలు. డెలివరీ కాగితంపై ‘బండి బాగాలేదు’ అని కాకుండా ‘కుడి ఫోర్కు నుంచి ఆయిల్ కారుతోంది’ అని రాసి సంతకం చేయండి. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపి అక్నాలెడ్జ్‌మెంటు దాచుకోండి.

రవాణాదారు నిర్లక్ష్యాన్ని మీరు నిరూపించనక్కర్లేదు. బండిని మంచి స్థితిలో అప్పగించారని, దెబ్బతిని చేరిందని చూపితే చాలు. సొంత వాడకం బండి అయితే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఆ రెండేళ్లను చూసుకుని 180 రోజులు వదిలేయకండి. 2007 చట్టానికి ముందున్న పాత రవాణా చట్టం కింద, కమిషన్‌కు వెళ్లినా ఈ నోటీసు తప్పదని సుప్రీంకోర్టు చెప్పింది.

5. నా బండి బీమా పనికొస్తుందా?

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే పనికిరాదు. సొంత నష్టం కవరు ఉంటే, ప్రామాణిక పాలసీలో రోడ్డు, రైలు రవాణాలో జరిగే నష్టం కూడా చేరి ఉంటుంది. మీ పాలసీలోని మినహాయింపులు చదవండి, బీమా సంస్థకు వెంటనే తెలపండి. బీమా డబ్బు వస్తుందని రవాణాదారుకు నోటీసు మానకండి. ఆ సొమ్మును బీమా సంస్థ తర్వాత రవాణాదారు నుంచి రాబట్టుకోవాలంటే ఆ నోటీసే ఆధారం.

6. దారిలో పోలీసులు ఆపితే?

పికప్ ఫిట్‌నెస్, బీమా, కాలుష్య ధ్రువపత్రం చూపే బాధ్యత ఆ వాహనం నడిపేవారిది. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి పర్మిట్ అక్కర్లేదు. ట్రాలీ వెనుక తలుపు దించి, చక్రం బయటకు వేలాడేలా కట్టించకండి. సరుకు వాహనం దాటి బయటకు వస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194(1ఎ) కింద 20,000 రూపాయల జరిమానా, దింపుడు ఖర్చు ఉంటాయి. సర్దే వరకు ఆ వాహనాన్ని కదలనివ్వరు. రాష్ట్రాన్నిబట్టి అక్కడికక్కడ కట్టే మొత్తం మారవచ్చు.

వాడిన వ్యక్తిగత, గృహ వస్తువులకు జీఎస్టీ ఈ-వే బిల్లు అవసరం లేదు. ఆ మినహాయింపుల జాబితాలో మోటార్‌సైకిల్ పేరు విడిగా లేదు గనుక, మీ పేరున ఉన్న ఆర్‌సీ నకలు, ‘సొంత వాడకం బండి, అమ్మకానికి కాదు’ అని మీరు సంతకం చేసిన లేఖ డ్రైవరు దగ్గర ఉంచండి.

7. బండి పట్టుకుని ట్రాలీలో కూర్చోవచ్చా?

వద్దు. సరుకు యజమానికి బీమా రక్షణ కేబిన్‌లో కూర్చుంటేనే అని, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో 2007లో సుప్రీంకోర్టు చెప్పింది.

8. వేరే రాష్ట్రానికి చేరాక?

చిరునామా మారితే 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. బండి ఆ రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే కొత్త రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆర్‌టీఓ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. ఫైనాన్స్ ఉన్న బండికి ఫైనాన్స్ సంస్థ సమ్మతి కూడా అవసరం. బీహెచ్ సిరీస్ బండికి కొత్త నంబరు అక్కర్లేదు.