పాత సైటుకు కొత్త రూపం

ప్రశ్న: మా ఊరివాళ్లు కలుసుకునే వెబ్‌సైటుకు ఇరవై ఏళ్లు. రూపం మార్చుదామంటే పాత సభ్యులు ససేమిరా అంటున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, మహేశ్వరం

జవాబు: ఈ తంటా వికీపీడియాకూ తప్పలేదు. 2010 నాటి రూపాన్ని మార్చాలనుకున్నప్పుడు దాని నిర్వాహకులు కొత్తదాన్ని ఒక్కసారిగా అందరి నెత్తిన రుద్దలేదు. 2020లో ఫ్రెంచి, హీబ్రూ వంటి కొన్ని భాషల్లో మొదలుపెట్టి, ఇంగ్లీషుకు 2023 జనవరిలో తెచ్చారు. అయినా తిట్లు పడ్డాయి. వాక్యాల వరుస కుదించి పక్కన తెల్లటి ఖాళీ వదిలారన్నది పెద్ద ఫిర్యాదు. అందుకు వెడల్పు పెంచుకునే మీట ఉంది. పాత రూపమే ముద్దనే సభ్యులు ‘అభిరుచులు’లోకి వెళ్లి దాన్నే ఎంచుకోవచ్చు. మీరూ అలాంటి వీలు పెడితే సగం అలకలు అక్కడే తీరతాయి.

అసలు ప్రమాదం రంగుల్లో లేదు, పాత లింకుల్లో ఉంది.

2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. మహేశ్వరం రంగారెడ్డిలోనే మిగిలింది గానీ ఎన్నో ఊళ్లు జిల్లా మారాయి. పేజీ పేరులో జిల్లా ఉంటే అదీ మార్చాల్సిందే, అప్పుడు పాత లింకులు తెగే ప్రమాదం ఉంది. తెలుగు వికీపీడియాలో పేజీ పేరు మార్చితే పాత పేరు దగ్గర ‘దారిమార్పు’ ఉంటుంది. పాత లింకు నొక్కినా కొత్త పేజీకే చేరతారు. మీ సైటులోనూ ప్రతి పాత చిరునామాకూ అలాంటిది పెట్టాలి.

యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో రాసినవి ఉంటే వెతికినా దొరకవు, వాటిని మార్చుకోవాలి. అలాంటి మార్పిడికి ‘పద్మ’ అనే సాధనాన్ని తయారుచేసిన వెన్న నాగార్జునే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు.

చర్చ మాత్రం వాట్సాప్‌లో వద్దు. తెలుగు వికీపీడియాలో చర్చలకు ‘రచ్చబండ’ ఉన్నట్టు, సైటులోనే అందరికీ కనబడేలా జరగాలి. మార్చే ముందు పూర్తి బ్యాకప్ తీసి, ఇద్దరి దగ్గర విడివిడిగా ఉంచాలి.